రెండు పేపర్లలో మీ లారీ

పద్మ నాయనకు నమస్కరించి రాస్తున్నాను.

మీరు పోయి నిన్నటికి ఆరేళ్లు. పద్మ ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఒకే వార్తను రెండు పేపర్లు ఎలా రాశాయో పోల్చి క్లాసులో చదవాలని వాళ్ల సోషల్ సారు చెప్పాడట. అది ఆదోని లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పించి, కౌతాళం దారిలో మీరు నడిపిన పత్తి లారీ బోల్తా పడిన వార్తే రాసుకొచ్చింది. టైరు పేలిందని ఒక పేపరు. పిల్లకు ఇన్నాళ్లూ నేను చెప్పింది అదే. డ్రైవరు తాగి నడిపాడని రెండోది.

"ఇది నాకెందుకు సెప్పలేదు మా?" అంది.

"వేరే వార్త రాసుకో తల్లీ. రేపు అందరి ముందర మీ నాయన పరువు తీస్తావా?"

"మార్చను. ఆ పేపరోళ్లు మనింటికొచ్చి నిన్ను అడిగినారా?"

"ఎవురూ రాలేదు."

"అయితే నేను అడుగుతాండా. ఆ పొద్దు నాయన తాగినాడా?"

పెన్ను పట్టుకొని నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆ రోజు గురువారమని, మంత్రాలయం స్వామి వారం కాబట్టి మీరు చుక్క కూడా ముట్టరని చెప్పాను.

"మిగతా దినాలు?"

తాగేవారని అదీ చెప్పాను.

రెండూ నోట్సులో రాసుకుంది. కింద 'చెప్పినవారు' అని నా పేరు రాసి, సరిగా ఉందో లేదో చూడమని నా చేతికిచ్చింది.