పదిహేడో కుర్చీ

అన్నయ్యా,

మీరు పెట్టిన యూనియన్ కాబట్టి జరిగింది జరిగినట్టు మీకే ముందు రాస్తున్నాను. ఇన్నాళ్లకు మనకు గుర్తింపు వచ్చింది. యూనివర్సిటీ పాలకమండలిలో సిబ్బంది తరఫున ఒకరికి చోటిచ్చారు. మనవాళ్లు ఓట్లేసి నన్ను పంపారు.

ఇరవై ఏళ్లుగా ఆ మండలి కూర్చునే హాల్లో కుర్చీలు వేసేది నేనే కదా. మొన్న పొద్దున నా మొదటి మీటింగుకు కూడా చెయ్యి అలవాటుకొద్దీ పదహారే వేశాను. నాకొకటి వేసుకోవాలని తట్టలేదు. అందరూ కూర్చున్నాక గోడవారన నిలబడ్డాను. వైస్ ఛాన్సలర్ గారు చూసి, "అయ్యో, నువ్వూ ఒక కుర్చీ తెచ్చుకోమ్మా" అన్నారు. మర్యాదగానే అన్నారు.

మిగతా కుర్చీలుండే పక్కగదికి తాళం వేసి ఉంది. కింది అంతస్తు నుంచి మోసుకొచ్చేసరికి మన జీతాల సంగతి వచ్చే ఏడాదికి వాయిదా పడింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకున్నారట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

బయట మనవాళ్లు అడిగితే, గట్టిగానే మాట్లాడానని చెప్పాను. ఇప్పుడు వాళ్లకు నిజం ఎలా చెప్పాలో మీరే రాయండి.

మీటింగయ్యాక పదహారు కుర్చీలూ ఎప్పట్లాగే తీసి గోడకు పేర్చాను. పదిహేడోదాన్ని మాత్రం బల్ల దగ్గరే ఉంచి హాలుకు తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

మీ చెల్లెలు