పర్సోం టీకా

నాంపల్లి,
22 జులై 2025.

శ్రీ శ్యామ్‌సుందర్ గారికి,

ఫణికుమార్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ముప్పై ఏళ్లు 'ఏరా శ్యామ్' అన్న నోటితో 'గారు' అనడం కష్టంగానే ఉంది. కానీ ఆబిడ్స్‌లో మీ బట్టల దుకాణం మెట్ల మీద, గిరాకీల ముందు, "నా కుక్కపిల్లను నువ్వే చంపినవ్" అన్న మనిషిని ఇంకెలా పిలవాలి?

మీ అక్కగారి దగ్గరికి ఔరంగాబాద్ పోతూ రెండున్నర నెలల ఆ కుక్కపిల్ల బర్ఫీని నా చేతిలో పెట్టారు. చెప్పిన రోజున నట్టల మందు తాగించాను. నా చెవిలో గులిమి తీసుకునే తీరిక లేనివాణ్ణి, దాని చెవుల్లో పిడుదులు ఏరాను. అదంతా మీ లెక్కలోకి రాలేదు.

ఆటో ఎక్కుతూ మీరన్నదేమిటి? "పర్సోం రెండో టీకా. కార్డు సంచిలనే ఉంది, ఫికర్ వద్దు." మీ హిందీలో మొన్నా పర్సోమే, ఎల్లుండీ పర్సోమే. నేను మొన్న అనుకున్నాను. టీకా అయిపోయిందనే ధైర్యంతో స్టేషన్ ముందుకు షికారు తీసుకెళ్లాను. వీధికుక్కలతో ఆడింది, బురద నాకింది. వారం తిరగకముందే వాంతులు, నెత్తుటి విరేచనాలు. కుక్కపిల్లలకు అంటుకునే పార్వో జబ్బు అన్నాడు డాక్టరు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి నేల తాకనివ్వకూడదట. రెండు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. ఎల్లుండి అనే ఒక్క తెలుగు మాట మీ నోట రాలేదు. నింద మాత్రం అచ్చ తెలుగులో వచ్చింది.

కార్డు ఇమ్మని మీ అమ్మాయి హాసినితో కబురు పెట్టారు. అది దవాఖానలో ఎక్కడో పడిపోయింది. ఇక మన మధ్య ఇచ్చిపుచ్చుకునేవేమీ లేవు.

ఇట్లు,
ఫణికుమార్

తా.క.: శ్యామ్, అంటించిన కవరు మళ్లీ విప్పాను. కార్డు పోలేదు, ఇందులోనే పెట్టాను. నువ్వు ఊరెళ్లిన సాయంత్రమే తెరిచి చూశాను. రెండో గడి ఖాళీ. పర్సోం అంటే ఎల్లుండేనని అప్పుడే తెలిసింది. టీకా రోజున వాన. లక్డీకాపూల్ దవాఖాన దాకా పోవడానికి బద్ధకించాను, వచ్చాక నువ్వే వేయిస్తావులే అనుకున్నాను. జబ్బు పడ్డాక టీకా అయిందా అని డాక్టరు అడిగితే, అయిందన్నాను. కార్డు తెమ్మన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని ఆ గడిలో తేదీ వేయబోయాను. ఒక అంకె పడింది, రెండోది వేయలేకపోయాను. ఆ అంకె నా చేతిరాతే. బర్ఫీ అప్పుడు నా ఒళ్లోనే ఉంది, బతికే ఉంది.