పద్నాలుగు నెలల చల్లటి సముద్రం

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు, సముద్ర పరిశోధనాశాలలో ముప్పై ఒక్క సంవత్సరములు నీటి పరిచారకుడిగా పనిచేసి, నాలుగేండ్ల క్రితం విరమించినవాడు వ్రాసుకొను అర్జీ.

విషయం: శాల యాభై యేండ్ల చరిత్ర గ్రంథములోని అబద్ధముల గురించియు, అసలు రిజిస్టర్లు తుక్కు లారీ ఎక్కకుండా ఆపుట గురించియు.

అయ్యా,

1. తమ కార్యాలయము వారు అచ్చు వేయించిన సదరు గ్రంథము నాకు ఉచితముగా పంపబడినది. ఉచితమే గనుక చదివితిని. నూట అరవై పుటలలో సముద్రము పదకొండు పుటలలో కనబడినది. మిగతావన్నీ ఉపన్యాసములు, రిబ్బను కత్తిరింపులు.

2. తొమ్మిదవ పుటలో నాటి డైరెక్టరు గారు "ప్రతి ఉదయము స్వయముగా సముద్రజలపు వేడిమిని కొలిచెడివారు" అని ఉన్నది. అయ్యా, ఆ మహానుభావుడు నీళ్ళ దగ్గరకు వచ్చినది ఒక్కసారి, ఫొటో తీయించుకొనుటకు. బూట్లు తడుస్తాయని మెట్టు మీద గోనెపట్టా పరిపించుకొనిరి. ఆ ఫొటో అంచున తాడు పట్టుకున్న చెయ్యి నాది. మోచేతి దగ్గరే కత్తిరించి అచ్చు వేసినారు.

3. నా పని ఏమనగా: ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు రేవు మెట్ల చివర నుండి బకెట్టు దించి, నీరు తోడి, థర్మామీటరు ముంచి, మూడు నిమిషములు ఆగి, అంకెను రిజిస్టరులో వ్రాయుట. గాలి ఎటు, నీరు తేటా మురికా, ఏ జీవములు వచ్చినవి అన్నది పక్క అంచున పెన్సిలుతో వ్రాయుట. సెలవు లేదు. "సముద్రం వేడి చూసొచ్చే మనిషికి ఇంట్లో అన్నం చల్లారిపోతోందని మాత్రం తెలీదు" అని మా ఆవిడ ముప్పై ఏళ్ళు దెప్పింది. నాకు జ్వరమొచ్చిన తొమ్మిది రోజులూ ఆవిడే వెళ్ళి చూసొచ్చింది. ఆ తొమ్మిది రోజుల అక్షరాలు నావాటికన్నా గుండ్రంగా ఉంటాయి.

4. ఇక "శీతల ప్రవాహ ఆవిష్కరణ". గ్రంథమునకు ఇదే తలమానికమట. పద్నాలుగు నెలలపాటు మన తీరపు నీరు ఒక డిగ్రీ చల్లబడినదనియు, అందుకు కారణమైన ప్రవాహమును సదరు డైరెక్టరు గారు కనుగొనిరనియు వ్రాసినారు. దాని పుణ్యమా అని ఆయనకు పతకము, శాలకు కొత్త భవనము, హాలులో ఆయన నిలువెత్తు పటము.

ప్రవాహమూ లేదు, పాడూ లేదు. ఆ డైరెక్టరు గారు అతిథుల ముందు డాబు కోసం సముద్రపు థర్మామీటరును పొగలు కక్కే కాఫీలో ముంచి పగలగొట్టారు. స్టోర్సు వారు మరొకటి పంపారు. దాన్ని నీళ్ళలో దించే ముందు, మా పద్ధతి ప్రకారం, కరుగుతున్న ఐసుముక్కల్లో పెట్టి చూశాను. సున్నా చూపవలసినది సున్నాకు ఒక గీత కింద ఆగింది. వెళ్ళి, "సార్, ఇది ఒక డిగ్రీ తక్కువ చూపుతోందండి" అన్నాను. "నువ్వు నీళ్ళు తోడు, సైన్సు నేను చూసుకుంటా" అన్నారు. చూసుకున్నారు. నేను మాత్రం ఆ రోజు అంచున "కొత్త థర్మామీటరు ఒక డిగ్రీ తక్కువ" అని రాసిపెట్టాను. పద్నాలుగు నెలలకు మంచిది వచ్చింది. ప్రవాహం మాయమైంది.

ఆ అంకెల మీద పన్నెండుమంది డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు రిజిస్టరు తెరిచి అంచు చూసిన పాపాన పోలేదు.

5. ఇప్పుడు అంకెలన్నియు కంప్యూటరులోకి ఎక్కించినందున రిజిస్టర్లు అనవసరమని తేల్చినారు. అంచున రాసిన మాటలకు కంప్యూటరులో గడి లేదట. "గడి లేకపోతే ఎక్కడ కొట్టమంటారండీ?" అని టైపు చేసే అమ్మాయి నన్నే అడిగింది. పాపం, ఆమె తప్పేముంది. పాత డైరెక్టరు గారి శిష్యుడైన ప్రస్తుత డైరెక్టరు గారికి మొర పెట్టుకుంటే, "పోయిన పెద్దాయన పరువు తీస్తావా?" అన్నారు. పరువు ఆయనది. సముద్రం ఆయన సొంతం కాదు గదండీ! ఆ రిజిస్టర్లు పోతే అబద్ధాన్ని అబద్ధమని చెప్పే కాగితం ముక్క ఈ లోకంలో ఇంకొకటి ఉండదు. నాకు కడుపు మండిపోతోంది. దీనికి ఆఫీసు భాషలో మాట దొరకలేదు.

కావున, గ్రంథమును ఆపమని నేను కోరుట లేదు. అటకలకు కూడా ఏదో ఒకటి కావలెను గదా. ముప్పై ఒక్క రిజిస్టర్లను ఉన్నచోటనే ఉంచమని ఒక్క వాక్యము వ్రాసి సంతకము చేయించవలెను. పటముల వైపు చూచిన కళ్ళతోనే ఒకసారి అంచుల వైపు కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు
(విధేయత నాతోపాటే విరమించినది, అలవాటు కొద్దీ వ్రాసితిని),
నీటి పరిచారకుడు

తా.క.: అయ్యా, ఇది తమకు ఇద్దామని వస్తూ శాల ముందు ఆగాను. లారీ అప్పుడే వచ్చేసింది. రిజిస్టర్లను గోతాల్లో కుక్కి వరండాలో పడేశారు. వాటి మీదే కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. లారీ డ్రైవరు, "లే పెద్దాయనా, నాకింకో ట్రిప్పుంది" అన్నాడు. "నువ్వు పుట్టిందెప్పుడు?" అన్నాను. విసుక్కుంటూనే తేదీ చెప్పాడు. గోతాం విప్పి వెతికి చదివాను: ఇరవై ఏడున్నర డిగ్రీలు, తూర్పు గాలి, నీరు తేట, ఒడ్డు పొడుగునా చిన్న చేపల గుంపులు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "ఆ రోజు సంగతి నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. వెళ్ళి ఇంజను ఆపేసి వచ్చాడు. ఇప్పుడు గోతాల మీద ఇద్దరం కూర్చున్నాం. ఈ కాగితం టైపు చేసే అమ్మాయి చేత పంపుతున్నాను. త్వరగా రండి.