బోర్డులో మూడో వరుస

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ పేరు బోర్డు రాయడం మొదలుపెట్టాను. మొదటి వరుసలో పేరు. రెండో వరుసలో చుక్కల గురించి చదివి నువ్వు తెచ్చుకున్న పట్టాలు, అవి రాసేసరికి చెయ్యి పడిపోయింది. మూడో వరుసలో ఉద్యోగం రాయాలి. ఇన్నేళ్లుగా ఎందరో డాక్టర్లకీ ప్లీడర్లకీ బోర్డులు రాశాను గానీ, మనింటి పేరు రాయడం ఇదే మొదలు. నువ్వు చేరి నెలైంది కదా, ఏం ఉద్యోగమో ఒక్క ముక్క రాసి పడెయ్.

నీ పెదనాన్న

తా.క.: చిన్న ముక్కయితే మేలు. చోటంతా పట్టాలే తినేశాయి.

పెదనాన్నకి నమస్కారాలు.

ఉద్యోగం బాగానే ఉంది. గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. రోజంతా పైకి చూస్తూ, అనిపించింది రిజిస్టర్లో రాయడమే పని. మధ్యాహ్నాలైతే అసలు నేల మీద ఉన్నానో, తేలిపోతున్నానో కూడా తెలియదు. బోర్డుకి తొందరేం లేదు.

నీ అమ్మడు

తా.క.: నిజంగానే తొందర లేదు.

బంగారుతల్లి అమ్మడికి,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. నిచ్చెన మీద ఉన్న సంగతి గుర్తులేదు. మోకాలు వాచింది, పోనీలే. రోజంతా పైకి చూడ్డమంటే ఇంకేముంటుంది! మూడో వరుస రాసేశాను: 'నక్షత్ర పరిశీలకురాలు'. చుట్టూ చుక్కలు కూడా పెట్టాను. గురువారం వచ్చి మీ ఆఫీసు గుమ్మానికి నేనే బిగిస్తా.

పెదనాన్న

తా.క.: ఆ దూరదర్శినిని కాస్త తుడిపించి ఉంచు. నేనూ ఓసారి చూస్తా.

పెదనాన్నా,

నీ కాళ్లు పట్టుకుంటా, రావద్దు. నేను చేసేది పరుపుల దుకాణంలో. కొత్త పరుపు రాగానే దానిమీద అరగంట పడుకుని, ఎక్కడ గుచ్చుకుందో, ఎక్కడ కుంగిందో రాయాలి. నేను చూసేది ఆకాశాన్ని కాదు, పైకప్పుని. అక్కడో చెమ్మ మరక ఉంది. రోజూ కొంచెం పెరుగుతుంది. దాన్నే పాలపుంత అనుకుని చూస్తూ చూస్తూ కలలోకి జారిపోతాను. ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టానో! చుక్కలు చూసేవాళ్లు ఎవరికీ అక్కర్లేదట. చదివిందంతా పరుపుల పాలైంది. నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఆ వరుస చెరిపెయ్.

అమ్మడు

తా.క.: ఈ నెల అందరికంటే బాగా నిద్రపోయానని మెచ్చుకున్నారు. అప్పుడు ఇంకా ఏడుపొచ్చింది.

పిచ్చితల్లి అమ్మడికి,

నీ ఉత్తరం చేరేసరికి నేను వచ్చి వెళ్లడం కూడా అయిపోయింది. కవరు మీది చిరునామా పట్టుకుని వచ్చి చూస్తే, అద్దాల వెనక పరుపు మీద నువ్వు. చిన్నప్పుడు మేడ మీద చుక్కలు లెక్కపెడుతూ నిద్రపోయేదానివే, అదే మొహం. లేపబుద్ధి కాలేదు. ఇంతలో నా చంకలో బోర్డు చూసి మీ యజమాని బయటికొచ్చాడు. దాని చుట్టూ పెట్టిన చుక్కలు ఆయనకి తెగ నచ్చాయి. ఆ మరక కప్పేలా పైకప్పంతా ఆకాశం వెయ్యమన్నాడు. పడుకుని అది చూసినవాళ్లు పరుపు కొనకుండా లేవరట!

సరేనన్నాను. ఇంటికొచ్చాక గుండెల్లో రాయి పడింది. ఏ చుక్క ఎక్కడుంటుందో నాకేం తెలుసే? బోర్డు మీద పెట్టినవి మన దుప్పటి అంచు చూసి పెట్టినవి. నువ్వు కింద పడుకుని చెప్పు, నేను నిచ్చెనెక్కి పెడతాను. నీ చదువు లేకపోతే ఈ పని నావల్ల కాదమ్మా. సోమవారం రంగులతో వస్తున్నా.

పెదనాన్న

తా.క.: మూడో వరుస చెరపలేదు. ఇక అబద్ధం కాదుగా! నేను నిచ్చెన మీద ఉన్నంతసేపు మాత్రం నిద్రపోకు.