అక్క పట్టీలు

మస్కట్ అవతల, ఎడారి షెడ్డు

ప్రియమైన ఎల్లన్న బావకు,

నీ బామ్మర్ది శ్రీహరి రాసేది. బాగున్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజానికి ఒళ్లు బాగుంది, కడుపు మండుతోంది.

సెలవు మీద వస్తున్న భీమయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కంపెనీ కవర్లో వేస్తే అది ముందు కోరుట్లలో ఏజెంటు రాజమౌళి ఆఫీసులోనే దిగుతుంది. వాడు అందరి ఉత్తరాలూ విప్పి చదివి, మళ్లీ అంటించి పంచుతాడని ఇక్కడ తెలియనివాడు లేడు.

తమ్ముడు రంజిత్‌ను నా షెడ్డులోనే హెల్పర్‌గా పెట్టిస్తానని అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు ఆ రాజమౌళి. తాళ్లెక్కి కల్లు గీసే పిల్లవాణ్ని, ఒక్క చెట్టయినా లేని చోటికి మేకలు కాయడానికి తోలేశాడు. ఏ అరబ్బు దగ్గర, ఏ ఊళ్లో అన్నది వాడికి తప్ప ఎవరికీ తెలియదు. వానాకాలం పోయి మళ్లీ వానాకాలం వచ్చింది, పిల్లవాడి కబురు లేదు. అమ్మ పోయి అడిగితే, “నాకేం తెల్వదు బుచ్చవ్వా, జగిత్యాలల పనుంది, పోతున్న” అని జీపెక్కి ఉరుకుతాడట.

వాడి జీపు వాగు ఇసుకలో ఎగిరెగిరి పడుతోందని, మెకానిక్‌వి కాబట్టి మందేమిటని నిన్ను అడిగాడని పోయినసారి రాశావు. ఇక్కడ నా పనే అది. ఇసుకలో గట్టిగా తొక్కగానే వెనక ఇరుసు మెలితిరగాలని చూస్తుంది. దాన్ని స్ప్రింగుల్లా పట్టుకున్న ఇనుప కమాన్ పట్టీలు దాంతోపాటే వంకర తిరుగుతాయి. ఇక ఓపలేక ఒక్కసారి విదిల్చుకుంటాయి. అప్పుడు చక్రం ఎగురుతుంది. మళ్లీ మెలి, మళ్లీ ఎగురుడు. వదలకుండా తొక్కితే, ఇంజను బలాన్ని ఇరుసుకు అందించే షాఫ్టు క్రాస్ పటుక్కున విరుగుతుంది. ఇరుసు నుంచి చాసిస్‌కు ఒక గట్టి రాడ్డు వేస్తే ఇరుసు మెలితిరగదు. అయితే రాడ్డు ముందు కొసను షాకిల్ అనే ఆడే లింకుకు ఊయలలాగా వేలాడదీయాలి. పట్టీలు ఆడినప్పుడల్లా రాడ్డు కూడా కాస్త ముందుకూ వెనక్కూ జరగాలి కదా.

బావా, నువ్వు ఆ షాకిల్ పెట్టకు. రెండు కొసలూ బిర్రుగా వెల్డింగ్ చేసెయ్యి. సాఫు రోడ్డు మీద బ్రహ్మాండంగా పోతుంది. ఏదో ఒకరోజు ఒక చక్రం గుంతలోకి దిగి, ఇంకోటి మిట్ట ఎక్కితే రాడ్డు పెళ్లగించుకుని ఇరుసును పక్కకు లాగేస్తుంది. నా తమ్ముడు ఏ ఇసుకలో పడి ఉన్నాడో, ఆ రాజమౌళీ ఇసుకలోనే పడాలి. వాడు పోయాడన్న కబురు విన్న రోజు కడుపునిండా తింటాను.

నీ బామ్మర్ది,
శ్రీహరి

కోరుట్ల

బామ్మర్ది శ్రీహరికి నీ బావ ఎల్లన్న దీవెనలు.

జీపులే కాదు, కోపంతో రాస్తే అక్షరాలు కూడా ఎగురుతాయని నీ ఉత్తరం చూశాక తెలిసింది. మీ అక్క దీపకు చూపించకుండా పొయ్యిలో వేశాను.

రాడ్డు బిగించాను. షాకిల్‌తోనే బిగించాను. తిట్టుకుంటే తిట్టుకో. మల్లాపూర్ సంత రోజున ఆ జీపు సవారీలు కొడుతుంది. మొన్న వెనక సీట్లో కూర్చుని పోయినవాళ్లలో మీ అక్క ఉంది, మీ అమ్మ కూడా ఉంది. “కొడుకును మింగినోని బండే ఎక్కవడ్తి” అని దారి పొడవునా ఏడ్చిందట అత్త. ఆ దారికి వేరే బండేది?

సరే, వాడొక్కడే చచ్చాడనుకో. రంజిత్ ఎక్కడున్నాడో తెలిసిన నోరు అదొక్కటే. చచ్చినవాడి నోట్లోంచి ఊరి పేరు ఎట్లా గుంజుతావు? నా కడుపులో మంట లేదనుకోకు. నా పెళ్లిలో నా చెప్పులు దాచి నన్ను ఏడిపించిన పిల్లవాడు వాడు. కానీ నాకు రాజమౌళి బతికి దొరకాలి. ఉరకడానికి కాళ్లు లేకుండా దొరకాలి. దానికి మందుంటే చెప్పు.

వాడు ఇప్పుడు మహా ఖుషీగా ఉన్నాడు. “ఎల్లన్నా, మునుపు వాగు అచ్చిందంటే భయమయ్యేది, గిప్పుడు కాలెత్తకుంట తొక్కుతున్న” అంటున్నాడు. ఆ ధీమా మనకు పనికొస్తుందేమో ఆలోచించు.

ఈ ఉత్తరాన్ని అటు విమానమెక్కే ఒక పిల్లవాడి చేతికి ఇస్తున్నాను. భీమయ్య ఇప్పట్లో తిరిగి రాడు. నీ జవాబు రాజమౌళి ఆఫీసు మీదుగానే రావాలి, వాడు చదవనే చదువుతాడు. నాకు తెలిసేట్టు, వాడికి తెలియనట్టు రాయి.

ఇట్లు,
ఎల్లన్న

ఎడారి షెడ్డు

ప్రియమైన బావకు, నమస్కారాలు.

నేను ఇక్కడ చల్లగా ఉన్నాను. అంతా రాజమౌళి అన్న పుణ్యం. ఆయన మేలు ఈ జన్మలో మరిచిపోను, ఆ రుణం తప్పక తీర్చుకుంటాను.

అక్క పట్టీల సంగతి అడిగావు కదా. కొత్త పట్టీలు పంపేదాకా పాతవాటితోనే సర్దుకోవాలి. నువ్వు పెట్టించిన బిగింపు మంచిదే గానీ, దాని ముందు కొలుకు తీసెయ్యి. కొలుకు తీసినట్టు ఎవరికీ కనిపించకుండా దారంతో వేలాడగట్టు. అక్కకు చెప్పనక్కరలేదు. మెల్లగా నడిచినన్నాళ్లూ తేడా తెలియదు, సంతకు పోయినా రావచ్చు. పరుగెత్తితే మాత్రం కాలు ఎగిరెగిరి పడుతుంది. అయినా ఇంటి ఆడకూతురికి పరుగేం అవసరం? ఏదో తప్పు చేసినవాళ్లు కదా పరుగెత్తేది!

అమ్మను ధైర్యంగా ఉండమను. రాజమౌళి అన్నకు నా దండాలు చెప్పు.

మీ ప్రేమకు బాకీ పడ్డ,
శ్రీహరి

కోరుట్ల

బామ్మర్దీ,

ఈ ఉత్తరం పోస్టాఫీసులో నేనే వేస్తున్నాను. ఇక దాచేదేమీ లేదు.

నీ ఉత్తరాన్ని రాజమౌళే స్వయంగా తెచ్చిచ్చాడు. అంటించిన గమ్ము ఇంకా తడిగానే ఉంది. “మీ బామ్మర్దికి అక్కంటే ఎంత పావురం, ఎంత ప్రేమనే, పట్టీల మీద గింత పెద్ద ఉత్తరం రాసిండు” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ వారమే జీపు గ్రీజు కొట్టించడానికి వస్తే, రాడ్డు ముందు బోల్టు తీసి, ఇనుప తీగతో చాసిస్‌కు వేలాడగట్టాను. చూస్తే రాడ్డు ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. సంత సవారీలు మెల్లగానే పోయి వచ్చాయి, ఎవరికీ ఏమీ కాలేదు.

బతుకమ్మకు ముందు వాడు కొత్త పిల్లల కోసం మల్లాపూర్ వచ్చాడు. అత్త, కొడుకులను వాడి చేతిలో పెట్టిన ఊరి తల్లులనందరినీ వెంటేసుకుని చుట్టుముట్టింది. వాడికి అలవాటే కదా, ఒక్కడే జీపెక్కి ఉరికాడు. వాగులో దిగి, కాలెత్తకుండా తొక్కాడు. జీపు దడదడమంటూ ఎగిరింది. రాడ్డు ఉందన్న ధీమాతో ఇంకా తొక్కాడు. క్రాస్ విరిగి షాఫ్టు ఇసుకలో పడింది. ఎంత తొక్కినా ఇంజను అరుపు తప్ప బండి కదల్లేదు.

అత్త ఉరకలేదు. రంజిత్ తాళ్లెక్కే మోకును భుజాన వేసుకుని మెల్లగా నడిచి వచ్చింది. ఆడవాళ్లంతా పట్టుకుంటే, ఆ మోకుతో వాణ్ని స్టీరింగ్‌కు కట్టేసింది. “గిది నా కొడుకు మోకురా. వాడు ఏడున్నడో చెప్పేదాంక ఇప్ప” అని బానెట్ ఎక్కి కూర్చుంది. మొదట బెదిరించాడు, తర్వాత బతిమాలాడు, పొద్దుగూకే వేళకు ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. అరబ్బు పేరు, ఊరు చెప్పాడు. అక్కడే కోనరావుపేట పిల్లలు ఇద్దరున్నారని కూడా కక్కాడు. అప్పుడు అత్త మోకు విప్పింది. వాడు చెప్పినవన్నీ ఈ కాగితం వెనక రాశాను.

జీపు ఇంకా వాగులోనే ఉంది. కోరుట్లలో ఏ మెకానిక్కూ చెయ్యి పెట్టలేదు. రాజమౌళి సిరిసిల్ల నుంచి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చాడు. ఆయన కిందికి దూరి తీగను చూసి, జీపు ఎవరిదని అడిగి, సంచి సర్దుకున్నాడు. ఆయన అల్లుణ్ని ఎడారికి పంపింది కూడా వీడేనట!

ఒక్కటే చిక్కు. నీ ఉత్తరాన్ని మీ అక్క కూడా చదివింది. “నా తమ్ముడు పట్టీల కోసం అంత తండ్లాడుతుంటె, నువ్వు ఏమన్న పట్టించుకున్నవా” అని నా మీద అలిగింది. కమాన్ పట్టీలని చెప్తే ఇంకా మండిపడింది. ఇది నువ్వే తీర్చాలి.

ఇట్లు,
నీ బావ

ఎడారి షెడ్డు

ప్రియమైన బావకు, అక్కకు, అమ్మకు,

రంజిత్ దొరికాడు. బతికే ఉన్నాడు. ముందు ఆ మాట అమ్మకు చదివి వినిపించి, తర్వాత మిగతాది చదవండి.

మా షెడ్డు పికప్ తీసుకుని నువ్వు రాసిన ఊరికి పోయాను. ఆ అరబ్బు మొదట నన్ను గేటు లోపలికి రానివ్వలేదు. కానీ ముంగిట్లో వాడి బండి నిలబడి ఉంది. వెనక పట్టీలు వంగిపోయి, క్రాస్ అరిగిపోయి, ఇసుక దిబ్బ ఎక్కలేక పడి ఉంది. దాన్ని దిబ్బ ఎక్కిస్తాను, మా ముగ్గురు పిల్లల్నీ వాళ్ల పాస్‌పోర్టులతో సహా ఇవ్వమన్నాను. వాడు నవ్వాడు. వాడి బండి ఎక్కలేని దిబ్బ మీదికి నా పికప్ ఎక్కించి చూపించాను. అప్పుడు ఒప్పుకున్నాడు.

రాడ్డు బిగించేటప్పుడు, షాకిల్ లేకుండా వెల్డింగ్ చేసి పోదామని చెయ్యి గుంజింది బావా, అబద్ధమెందుకు. ఆ బండి వెనక కూర్చునేది మళ్లీ ఏ ఊరి పిల్లలో అనుకుని సరిగ్గానే బిగించాను. నీ మాట వంటబట్టినట్టుంది.

రంజిత్ సగమయ్యాడు. నా పికప్ ఎక్కాక కూడా మేకల వైపే చూస్తున్నాడు. దిబ్బ ఎక్కేటప్పుడు సీటును గట్టిగా పట్టుకున్నాడు. రాజమౌళి జీపులో వాగు దాటినప్పటి భయమనుకుంటాను. పైకి చేరాక మెల్లగా అన్నాడు: “అన్నా, గిది ఎగురుతలేదేంది?” అప్పుడు బండి ఆపి ఏడ్చాను.

నా కోపం చల్లారలేదు. రాజమౌళి వచ్చి కొత్త క్రాస్ వెయ్యమంటే వెయ్యకు. వాడు పంపిన ఒక్కొక్క పిల్లవాడి ఊరు, అరబ్బు పేరు వాగు ఒడ్డున తల్లుల ముందు నిలబడి చెప్పాలి. అందరివీ చెప్పేదాకా ఆ జీపును అక్కడే తుప్పు పట్టనివ్వు. మోకును మాత్రం జాగ్రత్తగా పెట్టమను, తాళ్లెక్కేవాడు వస్తున్నాడు.

అక్కా, వచ్చే జుమ్మా విమానానికి రంజిత్ బయలుదేరుతున్నాడు. వాడి సంచిలో నీకు పట్టీలున్నాయి. ఈసారి పట్టీలంటే పట్టీలే. కాళ్లకు పెట్టుకుని, వాగు దాకా పరుగెత్తి ఎదురుపో.

నీ తమ్ముడు,
శ్రీహరి