ఆటకీ అక్కకీ ఒకే హెడ్‌సెట్

అక్కా,

నిన్న ఫోన్‌లో "ఏడుస్తున్నావేంట్రా?" అని అడిగితే జలుబన్నాను. అది అబద్ధం. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

నీకు నొప్పులొచ్చిన రోజు తొమ్మిదిసార్లు ఫోన్ చేశావు. నేను చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆటలో మునిగిపోయాను. పక్కింటావిడ నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. తర్వాత నేను పరుగెత్తుకొస్తే, "పోనీలేరా, పాప బాగుందిగా" అని నవ్వేశావు. నువ్వు తిట్టినా బాగుండేది.

అందుకే నిన్న కొత్త హెడ్‌సెట్ కోసం వెళ్లాను. "వైర్‌లెస్ కావాలండీ. ఆటకీ ఫోన్‌కీ ఒకేసారి కనెక్ట్ అవ్వాలి" అన్నాను. దుకాణదారు తన ఫోన్ నుంచి నాకు రింగ్ ఇస్తూ మూడు చూపించాడు. దుకాణంలోని కంప్యూటర్‌లో ఆట మొదలుపెడితే ఒక్కదాంట్లోనూ రింగ్ వినిపించలేదు. నాలుగోది పెట్టుకుని ఆడుతున్నాను, గెలిచేలా ఉన్నాను. ఉన్నట్టుండి తుపాకుల మోత తగ్గి, చెవిలో ఫోన్ మోగింది. దుకాణదారు కాదు, నువ్వు!

"ఒరేయ్, పాప నన్ను చూసి నవ్విందిరా!" అన్నావు.

నువ్వు పెట్టేశాక కళ్లు తుడుచుకుని చూస్తే ఆట ఎప్పుడో అయిపోయింది.

"అయ్యో, ఓడిపోయారు సార్. ఇంకోటి చూపించమంటారా?" అన్నాడు దుకాణదారు.

"వద్దండీ, ఇదే ఇవ్వండి" అన్నాను.

ఇకపై ఒక్క పిలుపుకే పలికే
నీ తమ్ముడు