నీ డబ్బాలో ఆఖరి ఫ్లై

చిన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. చేపలు పట్టే నీ రాడ్ మూలన పడి ఉండటం చూడలేక నేనే దాంతో పట్టడం నేర్చుకున్నాను. పోయిన శనివారం మోరిస్‌విల్‌లో మా ఇంటి నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసుకుని నీ నదికే వెళ్లాను. నువ్వు గాలానికి ఈకలూ దారం చుట్టి పురుగులా కట్టిన ఆఖరి ఫ్లై బండల మధ్య ఇరుక్కుని తెగిపోయింది. నీ డబ్బా ఖాళీ.

“షాప్‌లో రెడీమేడ్‌వి ఉంటాయి, ఆర్డర్ చేసేస్తాను. నీకెందుకీ కష్టం?” అన్నాడు మీ బావ.

నిజమే, కొన్నవి తీరుగా ఉంటాయి. ఎవరు కట్టారన్నది నదిలోని స్మాల్‌మౌత్ బాస్ చేపకి పట్టదు. నాకు పట్టింపే.

“వద్దు, నేనే కడతాను” అన్నాను.

మొదటిది చేతిలోనే విడిపోయింది. రెండోది సింక్‌లో తడిపి చూస్తే ఊడిపోయింది. మూడోదానికి నెమలీక కావాల్సి వచ్చింది. పూజ గదిలో కృష్ణుడి ఈకలోంచి పోగులు పీకావని నీతో వారం రోజులు మాట్లాడలేదు, గుర్తుందా?

“పట్టిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేస్తాగా అక్కా, స్వామి ఏమీ అనుకోడులే” అన్నావు. నేను వినలేదు.

ఈ ఉదయం దీపం పెట్టి, దండం పెట్టుకుని, అదే ఈకలోంచి నాలుగు పోగులు పీకాను. నువ్వు పీకిన చోటు ఖాళీగా అలాగే ఉంది. దాని పక్కనుంచే తీశాను.

మూడోది నిలిచింది. వంకరగా ఉంది, అయినా రేపు దాన్నే నదిలో వేస్తాను. తెగితే మళ్లీ కడతాను. ఈకలో పోగులింకా చాలా ఉన్నాయి.

అక్క